అంచు ముందు, లోతు తర్వాత: ఒక గొలుసుకట్టు చెరువు పూడికతీత కేస్ స్టడీ

తెలంగాణలో ఒక గొలుసుకట్టు చెరువు. శిఖం, అంటే నీళ్లు నిలిచే చెరువు నేల, సుమారు 60 ఎకరాలు. మట్టికట్ట నడుమ ఎత్తు 4 మీటర్లు, ఒక తూము, నిండితే నీళ్లు పొర్లిపోయే ఒక మత్తడి. పైచెరువు మత్తడి దుంకితే దీంట్లోకి నీళ్లొస్తాయి, ఇది దుంకితే కిందిచెరువుకు పోతాయి. ఊరి పేరు రాయడం లేదు. గూళ్లున్న చెరువు పేరు ఒకసారి బయటికొచ్చిందంటే ఆ ఆదివారానికే కెమెరాలు శిఖంలోకి దిగుతాయి.

సమస్య ఏమిటంటే, ఈ చెరువులో మా పనికి ముందే ఒకసారి పూడిక తీశారు. నీళ్లు అంతకు ముందటేడు కన్నా ఎక్కువ రోజులు నిలిచాయి, చేపా బాగానే పెరిగింది. పిట్టలు మాత్రం తగ్గాయి. నడుమ లోతు నీళ్లలో నీటికాకులు, నామాల కోళ్లు తిరుగుతూనే ఉన్నాయి. అంచున బురదలో ఏరుకు తినే ఉల్లంకి పిట్టలు, కాళ్లు మునిగేంత నీళ్లలో నిలబడి వేటాడే ఎర్రకాళ్ల కొంగలు, తలకిందులై అడుగున మేసే సూదితోక బాతులు దిగడం మానేశాయి. నీళ్లు పెరిగితే పిట్టలు తగ్గడమేమిటని ఊళ్లో అందరికీ అనుమానం. ఎవరో వేటాడుతున్నారన్నారు, సెల్ టవర్ అన్నారు. చెరువు చుట్టూ ఒకసారి నడిస్తే కారణం కాళ్లకే తగులుతుంది: అంచు లేదు. పొలం గట్టు నుంచి అడుగు వేస్తే ఒకటిన్నర మీటరు నిలువు గోడ, దాని కింద నీళ్లు.

ఈ గోడ ఎవరి దుర్బుద్ధితోనూ పుట్టింది కాదు. పూడికతీతకు బిల్లు ఘనపు మీటర్ల లెక్కన వస్తుంది. పొక్లెయిన్ ఒకచోట నిలబడి చేయి అందినంత మేర నిలువునా తవ్వితే గంటకు ఎక్కువ మట్టి లేస్తుంది. వాలు దిద్దడానికి గంటలు పడతాయి గాని ఘనపు మీటర్లు రావు. అందుకే శిఖం అంచుల్లో, ట్రాక్టర్ సులువుగా వచ్చే చోట, గుంతలు పడతాయి. నిజంగా పూడిక పేరుకున్నది తూము ముందరా కట్ట లోపలి వైపునా. అక్కడ బురద మెత్తగా ఉండి మిషన్ దిగబడుతుంది కాబట్టి అటు వెళ్లరు. చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలైన 2015 నుంచి పూడికతీత ఊరూరా తెలిసిన పనే. అయినా వాలు గురించి అడిగే ఊరు అరుదు.

వాలు లెక్క

వేసవిలో చెరువు నీటిమట్టం ఒక్క ఆవిరి వల్లే రోజుకు సుమారు 8 మిల్లీమీటర్లు దిగుతుందనుకుందాం. అంచు వాలు 1:20 ఉంటే, అంటే 20 మీటర్లు నడిస్తే 1 మీటరు లోతు వచ్చేలా ఉంటే, ఆ 8 మిల్లీమీటర్లకు 16 సెంటీమీటర్ల వెడల్పున కొత్త బురద బయటపడుతుంది. అంచు పొడవు 2 కిలోమీటర్లయితే రోజుకు 320 చదరపు మీటర్ల తాజా బురద. పురుగులు, ఎర్రలు, నత్తపిల్లలు ఇంకా ఎండిపోని మేత అది. అదే అంచు 1:1గా నిటారుగా ఉంటే రోజుకు బయటపడేది 16 చదరపు మీటర్లు, అదీ గోడ మీద. పిట్ట నిలబడడానికే చోటుండదు. తూము తీస్తే మట్టం ఇంకా వేగంగా దిగుతుంది, తేడా ఇంకా పెరుగుతుంది.

అంచున తిరిగే నీటిపిట్టల జీవితమంతా మోకాలి లోతు లోపలే. చిన్న ఉల్లంకులకు 2, 3 సెంటీమీటర్ల నీళ్లు చాలు. పొడవాటి ఎర్రకాళ్లుండే స్టిల్ట్ ఓ జానెడు లోతుకు వెళ్తుంది. నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ల కొంగ అంతకన్నా కొంచెం లోపలికి. మునగకుండా మెడ చాచి మేసే బాతులకు 30, 40 సెంటీమీటర్లు దాటితే అడుగు అందదు. ఆ పైన లోతంతా మునిగి వేటాడే నీటికాకి, బుడుబుంగల పాలు. కాబట్టి మొత్తం చెరువును ఒకే లోతు చేస్తే ఒకే రకం పిట్టలు మిగులుతాయి. అందులో వింతేమీ లేదు.

కొర్రమీను కూడా అంచు జీవే. వానాకాలంలో గడ్డి, కలుపు ఉన్న లోతులేని చోట గుడ్లు పెట్టి, పిల్లల గుంపు వెంట తల్లిదండ్రులు కాపలా తిరుగుతాయి. వాలు దిద్దే పనికి మత్స్య సహకార సంఘం మెత్తబడింది పిట్టల మాటకు కాదు, ఈ మాటకు. ఆ సంగతి దాచుకోనక్కర్లేదు.

గోడను వాలుగా మార్చిన తీరు

గోడ అడుగు నుంచి వెనక్కి పొలం దాకా తవ్వుకుంటూ పోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. 1.5 మీటర్ల గోడకు 1:15 వాలు కావాలంటే 22.5 మీటర్ల వెనక్కి తవ్వాలి. మీటరు పొడవుకు దాదాపు 17 ఘనపు మీటర్లు. 300 మీటర్ల అంచుకు 5,000 పైచిలుకు. అదంతా ట్రాక్టర్లకెత్తి బయటికి తోలాలి. అలా చేయలేదు. గోడకు వెనక 11 మీటర్లు పైభాగాన్ని కోసి, అదే మట్టిని గోడ కిందికి నెట్టి ముందు 11 మీటర్లు నింపితే వాలు అంతే వస్తుంది, తవ్వేది మాత్రం నాలుగో వంతు. 300 మీటర్లకు దాదాపు 1,270 ఘనపు మీటర్లు. మట్టి మోసే దూరం లేదు, ట్రాక్టర్ అక్కర్లేదు. డోజర్ గాని వెనక బ్లేడున్న ట్రాక్టర్ గాని చాలు.

ఇందులో తప్పు జరిగే చోట్లున్నాయి. నెట్టిన మట్టి వదులుగా ఉంటే మొదటి వానకే ఊబి అవుతుంది, నీళ్లకు దిగిన బర్రె దిగబడుతుంది. కాబట్టి అరడుగు మందానికోసారి మిషన్ గొలుసులతో మూడు నాలుగు సార్లు తొక్కించాలి. ఉత్త నల్లమట్టి కాక కోసిన మొరం కలిసేలా చూడాలి. రెండోది, పొలాల నుంచి వాననీరు దిగే చోట కొత్త వాలు వాగులా కోసుకుపోతుంది. అలాంటి దారులను ముందే గుర్తుపట్టి, అక్కడ రెండు మూడు మీటర్ల వెడల్పున రాళ్లు పరవాలి. మిగతా అంచున గరిక పెళ్లలు, తుంగగడ్డలు వానకు ముందు గుచ్చితే సరిపోతుంది. విత్తనం చల్లితే నిలవదు, మొదటి అలకే కొట్టుకుపోతుంది.

కట్ట జోలికి మాత్రం పోకూడదు. కట్ట లోపలి మొదలు నుంచి కట్ట ఎత్తుకు కనీసం 5 రెట్లు, ఇక్కడ 20 మీటర్లు, తవ్వకుండా వదిలాం. లోపలెక్కడైనా నల్లబురద కింద బంకమట్టి పొర తగలగానే, ఎర్ర మొరం దాకా పోకుండా మిషన్ ఆపాలి. ఆ బంకమట్టి పొరే చెరువుకు అడుగు. అది తెగితే నిండిన చెరువు కూడా సంక్రాంతికి ముందే ఇంకిపోతుంది. లోతు పెంచి నీళ్లు పోగొట్టుకున్న చెరువులు తక్కువేమీ కాదు.

పైపొరను పారేయొద్దు

ఎండిన చెరువు అడుగు చచ్చిన నేలలా కనిపిస్తుంది గాని, పై జానెడు మట్టిలో వచ్చే ఏటి చెరువంతా నిద్రపోతూ ఉంటుంది. కలువ దుంపలు, తుంగగడ్డలు, నీటిమొక్కల విత్తనాలు, నీటి ఈగల గుడ్లు, మూత బిగించుకుని బురదలో దిగిన నత్తలు. అంతటినీ పొలాలకు తోలేస్తే వానకు నీళ్లు నిండుతాయి, మేత నిండదు. అది మళ్లీ పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఇక్కడ రెండు పనులు చేశాం. ఒక వేసవిలో మొత్తం శిఖంలో మూడో వంతుకు మించి తవ్వలేదు. తవ్విన చోట కూడా పై 15 సెంటీమీటర్లు ముందు గీకి పక్కన కుప్ప పోసి, లోతు పని అయ్యాక మళ్లీ పరిచాం. ఇది ప్రతిచోటా కుదరదు. లొట్టపీసు, సర్కారు తుమ్మ మొలిచిన చోట పైపొరను వెనక్కి పరచడమంటే ఆ పీడను మళ్లీ నాటడమే. లొట్టపీసు ముక్క తడిమట్టికి తగిలితే చాలు, వేరు వేస్తుంది. దాన్ని కోసి, శిఖం బయట గట్టి నేల మీద పూర్తిగా ఎండేదాకా పడేసి తగలబెట్టాలి. సర్కారు తుమ్మను నేలకు నరికితే గుబురుగా చిగురిస్తుంది. అడుగు లోతు దాకా తవ్వి మోడుతో సహా పెకలించాలి.

పొలాలకు తోలే ఒండ్రుమట్టి గురించీ ఒక లెక్క. ఎకరంలో ఒక అంగుళం మందం పరవాలంటే 103 ఘనపు మీటర్లు. ట్రాక్టర్‌కు 3 ఘనపు మీటర్లు పడితే 34 ట్రిప్పులు. ఎర్రచెల్కలకు ఇది వరమే, నల్లరేగడి పొలానికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. రైతుల పేర్లు, ఎకరాలు, ట్రిప్పులు పని మొదలుకాక ముందే రాసుకోవాలి. లేకపోతే మట్టి "రేపు తోలుకుపోతాం" అని శిఖం అంచున కుప్పలుగా ఆగుతుంది. మృగశిర వానకు మొత్తం మళ్లీ చెరువులోకే దిగుతుంది. పూడికతీతలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే నష్టం ఇదే.

దిబ్బ, దాని చుట్టూ కందకం

కొంగలు, గూడబాతులు గూళ్లు కట్టాలంటే నీళ్ల నడుమ చెట్లు కావాలి. మట్టిదిబ్బ పోసి నల్లతుమ్మ నాటడం చాలాచోట్ల చేస్తున్నదే. నెల్లూరు వైపు నేలపట్టులో గూడబాతులు నీళ్లలో నిలిచే కడప చెట్ల మీద గూళ్లు పెడతాయి. ఆ చెట్టు ఒదిగే చోట అదీ మంచిదే. ఒకే రకం నాటకపోవడం మేలు. ఏళ్ల తరబడి రెట్ట పడితే చెట్లు ఎండిపోతాయి, అన్నీ ఒకేసారి పోతే కాలనీ చెదురుతుంది.

దిబ్బ లోపల మొరం, పైన అరమీటరు నల్లమట్టి. ఉత్త బురదతో పోసిన దిబ్బ మొదటి ఏడే కరిగి సగమవుతుంది. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) కన్నా 1 మీటరు ఎత్తు తేలాలి, పక్కలు 1:3 కన్నా నిటారుగా ఉండకూడదు. ఒక వానాకాలం కుంగనిచ్చి ఆ తర్వాతే మొక్కలు. తుమ్మ గింజలు మేకల దొడ్డి నుంచి ఏరుకొచ్చినవైతే బాగా మొలుస్తాయి. కడుపులో గట్టి పొట్టు మెత్తబడి ఉంటుంది. గూడు మోసేంత కొమ్మలు రావడానికి కొన్నేళ్లు పడుతుంది, అందాకా ఓపిక పట్టాల్సిందే.

దిబ్బ కన్నా దాని చుట్టూ కందకం ముఖ్యం. ఎర్రకాళ్ల కొంగ పిల్లలు గూళ్లలో ఉండేది చెరువు తగ్గే నెలల్లోనే. నీళ్లు పోగానే కుక్కలు నడిచి వస్తాయి, కింద పడిన పిల్ల మిగలదు. అందుకని కందకం అడుగు తూము మట్టం కన్నా కనీసం 1.2 మీటర్లు కిందికి ఉండాలి. తూము ఎంత తీసినా ఆ నీళ్లు కదలవు. మార్చి చివర తూము మట్టానికి నీళ్లు దిగాయనుకుంటే, జూన్ 10 వరకు 70 రోజులు, రోజుకు 8 మిల్లీమీటర్ల చొప్పున 56 సెంటీమీటర్లు ఆవిరవుతుంది. ఇంకుడు పోను మిగిలేది కుక్కను ఆపగలగాలి. ఈత రాక కాదు, కుక్క ఊరికే ఈదదు. వెడల్పు 10 మీటర్లకు తక్కువైతే మాత్రం ఈదుతుంది.

తీతువు గుడ్లు, మిషన్ గొలుసులు

పూడిక తీసేది ఏప్రిల్, మే నెలల్లో. ఎండిన శిఖంలో తీతువు గుడ్లు పెట్టేదీ అప్పుడే. గూడంటే చిన్న గుంట, చుట్టూ నాలుగు మట్టిపెళ్లలు. సాధారణంగా 4 గుడ్లు, మట్టిరంగు మచ్చలతో. క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవర్‌కు కనపడే వస్తువు కాదు. మిషన్ రాకముందు పొద్దున్నే ఇద్దరు ముగ్గురు వరసగా నడవాలి. తీతువు అరుస్తూ నెత్తి మీదికి దూకితే గూడు దగ్గర్లో ఉందన్నమాట. కదలకుండా దూరంగా వెళ్లి కూర్చుంటే పావుగంటలో అదే నడిచివెళ్లి గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ చోటుకు 25 మీటర్ల చుట్టూ సున్నం గీత గీసి ఆ ముక్కను చివరికి వదలాలి. పొదుగుడు దాదాపు నాలుగు వారాలు. పిల్లలు పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే గూడు వదిలి పరుగెడతాయి కాబట్టి ఆ తర్వాత పని చేసుకోవచ్చు. గూటి పక్కన కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టడం మంచి ఆలోచనలా ఉంటుంది గాని, కాకికీ కుక్కకూ అది చిరునామా.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. 2017 చిత్తడి నేలల నిబంధనలు సాగునీటి కోసమే కట్టిన చెరువులను తమ పరిధి నుంచి మినహాయించాయి. కాబట్టి ఇలాంటి చెరువుకు చిత్తడి నేలగా రక్షణ లేదు. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత పక్షి గూడు, గుడ్లు ధ్వంసం చేయడం ఎక్కడైనా నేరమే. మిషన్ పనికి నీటిపారుదల శాఖ అనుమతి తీసుకునేటప్పుడే ఈ మాట కాగితం మీద పెట్టించాలి.

నీళ్లు, వలలు, గుర్రపుడెక్క

తూము ఎప్పుడు ఎంత తీయాలో నీరటికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. యాసంగి వరికి నీళ్లిస్తూనే మట్టం రోజుకు 2, 3 సెంటీమీటర్లకు మించి దిగకుండా వంతులు మార్చుకుంటే అంచు బురద నెమ్మదిగా బయటపడుతుంది, పిట్టలకు ఫిబ్రవరి మార్చి దాకా మేత సాగుతుంది. ఒకేసారి తీసేస్తే వారంలో ఎండి పగుళ్లిస్తుంది. ఇక ఎదురు చిక్కు వానాకాలంలో: జకానా, నీలి జంబుకోడి తేలే ఆకుల మీద, తుంగలో గూళ్లు పెట్టుకున్నాక మత్తడి మీద ఇసుక బస్తాలు వేసి మట్టం పెంచితే గుడ్లు మునుగుతాయి. బస్తాలు వేయాలనుకుంటే జూన్‌లోనే వేయాలి, ఆగస్టులో కాదు.

మత్స్య సంఘంతో ఒప్పందం ఒక్కటే: పైచెరువు వైపు లోతులేని తోకభాగంలో ఫిబ్రవరి చివరి దాకా సన్న నైలాన్ వలలు కట్టరు. ఆ వలల్లో చేప కన్నా ముందు బుడుబుంగ చిక్కి మునిగి చస్తుంది, దాన్ని విడిపించేసరికి వలా చిరుగుతుంది. తెగి వదిలేసిన వలలను మార్చిలో నీళ్లు తగ్గగానే ఏరేయాలి. నీటికాకులు చేపపిల్లలను తినేస్తాయన్న గొడవకు టపాసులు కాల్చడం మందు కాదు. పెద్ద సైజు పిల్లలు వదిలితే నష్టం తగ్గుతుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలను ఎవరు చవగ్గా ఇస్తామన్నా తీసుకోవద్దు. అది 2000 నుంచి దేశంలో నిషిద్ధం, చెరువులో పడితే కొర్రమీనును కూడా మిగల్చదు.

గుర్రపుడెక్కతో యుద్ధం గెలవలేదు, హద్దులో పెట్టాం అంతే. ఊరి మురుగు కలుస్తున్నంత కాలం అది వస్తూనే ఉంటుంది. కాలువ నోటి దగ్గర ఖాళీ ప్లాస్టిక్ క్యాన్లు కట్టిన తాడు అడ్డంగా కట్టి, పైనుంచి కొట్టుకొచ్చే దుబ్బులను అక్కడే ఆపి, పూత రాకముందే లాగేయడం ఒక్కటే పనిచేస్తోంది. లాగిన దాన్ని అంచునే పడేస్తే వానకు మళ్లీ లోపలికే. బరువులో ఎక్కువ భాగం నీరే కాబట్టి, గట్టు మీద వారం ఎండనిచ్చి అప్పుడు మోయాలి.

ఏ కార్తెలో ఏమి చూడొచ్చు

రోహిణి ఎండల్లో తీతువులు పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరచడం కనిపిస్తుంది. కట్ట మీద చెట్టునీడలో కూర్చుంటే చాలు. ఆరుద్ర వానకు చెల్కల్లో ఎర్రని ఆరుద్ర పురుగులు, రాత్రికి కప్పల గోల. అదే నెలలో నీటి మీదికి వంగిన తుమ్మకొమ్మకు గిజిగాడు గూళ్లు మొదలుపెడుతుంది. మగదే అల్లుతుంది, సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూసి పోతుంది. నచ్చని గూళ్లు సగంలోనే వేలాడుతూ ఉంటాయి. ఆగస్టులో పొడవు తోక జకానా. గుడ్లు పొదిగేది, పిల్లలను తిప్పేది మగదే. ఉత్తర, హస్త కార్తెల్లో తూనీగల గుంపులు కట్ట మీద నిలబడి ఎగురుతుంటాయి. వాటిలో కొన్ని వానల వెనకే సముద్రం దాటి ఆఫ్రికా దాకా వెళ్లే జాతి.

స్వాతి దాటాక వలస బాతులు దిగుతాయి. డిసెంబరు, జనవరిలో అదృష్టం ఉంటే పట్టెతల బాతులు. మధ్య ఆసియాలో పిల్లలు చేసి హిమాలయాల మీదుగా వస్తాయి. పగలు చెరువు నడుమ కునుకు, చీకటి పడితే యాసంగి నార్లలో మేత. రైతుకు అది సరదా కాదు. నారుమడి మీద రాత్రికి తాళ్లు కట్టి మెరిసే రిబ్బన్లు వేసుకోమని చెబుతాం.

చూడడానికి 8×42 బైనాక్యులర్ చాలు. పొద్దున సూర్యుడు వీపు వైపు ఉండేలా ఒడ్డును ఎంచుకోవాలి. కట్ట అంచున నిలబడితే ఆకాశం మీద మనిషి ఆకారం నల్లగా కనిపించి బాతులు లేచిపోతాయి. కట్ట వాలులోకి ఒక మెట్టు దిగి కూర్చోవాలి. తలలన్నీ ఒకేసారి పైకి లేచాయంటే చాలా దగ్గరికొచ్చినట్టే, అక్కడే ఆగాలి. డ్రోన్ అసలొద్దు. సంక్రాంతి ముందు వారం కట్ట మీద, చెట్ల మీద చిక్కిన మాంజా దారం ఏరడం కూడా పిట్టలు చూడడంలో భాగమే.

లెక్క పెట్టడం ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనతో కలిపి పెట్టుకుంటే ఇతర చెరువులతో పోల్చుకోవచ్చు. ఒకే చోట్ల నుంచి, ఒకే వేళ, పెద్ద గుంపును పదేసిగా విడగొట్టి. దాంతోపాటు తూము దగ్గరి స్కేలు మీద నీటిమట్టం తప్పక రాయాలి. మట్టం రాయని సంఖ్యకు అర్థం ఉండదు. చెరువు నిండిన ఏడాది కొంగలు తగ్గితే అది క్షీణత కాదు, అంచు మునిగిందని మాత్రమే.

వాలు దిద్దిన తోకభాగంలో మొదటి చలికాలమే ఉల్లంకులు, స్టిల్ట్‌లు దిగాయి. దిద్దని తూర్పు గోడ వెంబడి అదే చలికాలంలో నామాల కోళ్లే. ఎర్రకాళ్ల కొంగలు మేతకు వస్తున్నాయి, గూళ్లు ఇంకా లేవు. దిబ్బ మీది తుమ్మలు అంత పెరగలేదు. మిగతా మూడో వంతుకు తయారుచేస్తున్న ఎస్టిమేట్‌లో ఈసారి నాలుగు పద్దులు విడిగా రాశాం: అంచు వాలు పొడవు మీటర్ల లెక్కన, తొక్కించడం, పైపొర గీకి తిరిగి పరచడం, వాగు నోళ్ల దగ్గర రాతి పరుపు. వాలు 1:15 కన్నా నిటారుగా ఉంటే ఆ పద్దుకు బిల్లు లేదు. కొలిచేది కూడా సులువే. నీటి అంచు దగ్గర ఒక కర్ర, 15 మీటర్ల దూరంలో ఇంకో కర్ర పాతి, నీళ్లు నింపిన పారదర్శక పైపుతో మట్టం చూస్తే తేడా మీటరుకు మించకూడదు. ట్రాక్టర్ యజమానులకు ఇది నచ్చలేదు, మిషన్ గంటలు పెరుగుతాయని. ఆ గంటల డబ్బు ఘనపు మీటర్ల పద్దు తగ్గించి ఇటు మార్చాం, మొత్తం అంతే ఉంది.